సైలెన్సర్ మారిస్తే టర్బో బూస్టు పెరుగుతుందా? కొలిచి తేల్చుకునే పద్ధతి

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా నాలుగు షెడ్లు తిరిగితే కనీసం ఒకచోట ఈ మాట వినబడుతుంది: "ఫ్రీఫ్లో ఏయించెయ్ గురూ, బూస్టు పెరిగిపోద్ది." ఫ్రీఫ్లో అంటే పొగకి అడ్డు తక్కువగా ఉండే సైలెన్సర్, బూస్టు అంటే టర్బో ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి పీడనం. ఆ మాటలో నిజం సగమే. టర్బో కారులో బూస్టు ఎంత ఉండాలన్నది సైలెన్సర్ చేతిలో లేదు. దాన్ని తేల్చేది మిగులు పొగను పక్కకి దాటించే వేస్ట్‌గేటు, దాన్ని ఆడించే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్. పొగ గొట్టం వల్ల మారేవి రెండే: ఆ బూస్టు ఎంత తొందరగా అందుతుంది, అందాక ఆ అంకె దగ్గర నిలబడుతుందా లేదా. అందుకే ఈ పనిలో స్పానర్ కంటే ముందు కొలత కావాలి.

లోపల ఏం జరుగుతుందో కాస్త చూద్దాం

టర్బోలో ఒకే షాఫ్టుకి రెండు చక్రాలు. ఇంజిన్ వదిలిన వేడి పొగ ఒక చక్రాన్ని, అంటే టర్బైన్‌ని తిప్పుతుంది. రెండో చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. టర్బైన్‌కి బలం ఇచ్చేది పొగ వేడి, పొగ పరిమాణం, టర్బైన్‌కి ముందు వెనకల పీడనాల నిష్పత్తి. సైలెన్సర్ పని అంతా ఈ నిష్పత్తిలోనే ఉంది.

ఒక లెక్క వేసుకుందాం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు టర్బైన్‌కి ముందు 2.2 బార్, వెనక 1.3 బార్ ఉన్నాయనుకోండి. రెండూ వాతావరణ పీడనం కలుపుకున్న అంకెలే. నిష్పత్తి 1.69. వెనక అడ్డు తగ్గించి ఆ 1.3ని 1.1కి దించారు. అదే నిష్పత్తి రావడానికి ఇప్పుడు టర్బైన్ ముందు 1.86 బార్ చాలు. వెనక తగ్గింది 0.2 బార్. ముందు, అంటే సిలిండర్లు పొగను నెట్టాల్సిన చోట, తగ్గింది 0.34 బార్. బూస్టు గేజీలో అంకె వెంట్రుకవాసి కూడా కదలకపోయినా ఇంజిన్‌కి ఆ మేరకు శ్రమ తగ్గినట్టే. ఫ్రీఫ్లో వల్ల వచ్చే అసలు లాభంలో పెద్ద వాటా ఇదే. చాలామంది మాత్రం దాన్ని బూస్టు పెరిగిందనే అనుకుంటారు.

ఇంకొకటి. గొట్టంలో అడ్డు ప్రవాహంతో సమానంగా పెరగదు, దాదాపు దాని వర్గంతో పెరుగుతుంది. పొగ మూడింతలైతే అడ్డు సుమారు తొమ్మిదింతలు. సూర్యమహల్ కూడలిలో ఆటోల మధ్య రెండో గేర్లో పాకుతున్నప్పుడు మూడంగుళాల గొట్టమైనా కంపెనీ గొట్టమైనా ఒకటే. తేడా కనబడేది పై ఆర్‌పీఎంలో, పూర్తి లోడులో. మీ బండి రోజంతా ఊళ్లోనే తిరిగేదైతే ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టమంటాను.

"కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్పు పోతుంది" అనే మాట కూడా వింటారు. టర్బో లేని ఇంజిన్లలో గొట్టం సైజు మరీ పెద్దదైతే పొగ వేగం తగ్గి కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గడం నిజమే. టర్బో వెనక గొట్టానికి ఆ వాదన పట్టదు. అక్కడ అడ్డు ఎంత తక్కువైతే టర్బైన్‌కి అంత మేలు.

మీ టర్బో ఏ రకమో ముందు తెలుసుకోండి

స్థిరమైన టర్బైన్, దానికి పక్కన వేస్ట్‌గేటు: ఇది ఒక రకం. బూస్టు చాలినంత అవగానే వేస్ట్‌గేటు రెక్క తెరుచుకుని మిగిలిన పొగను టర్బైన్ పక్కనుంచి దాటిస్తుంది. ఆ రెక్కను కొన్ని బళ్లలో కేవలం గాలి గొట్టం, స్ప్రింగు ఆడిస్తాయి. కొన్నింట్లో మధ్యలో సొలినాయిడ్, అంటే కరెంటుతో ఆడే కవాటం ఉంటుంది. పోలో, కుషాక్, స్లావియా, వర్టస్‌లలోని 1.0 టీఎస్ఐ పెట్రోలు ఇంజిన్లో అయితే ఎలక్ట్రిక్ మోటారే రెక్కను కదుపుతుంది. రెండో రకంలో వేస్ట్‌గేటే ఉండదు. టర్బైన్ చుట్టూ ఉన్న రెక్కలే వాలు మార్చుకుంటాయి. దీన్నే వీజీటీ అంటారు, ఎక్కువగా డీజిల్ బళ్లలో. మారుతి 1.3 డీజిల్‌నే తీసుకోండి. స్విఫ్ట్‌లో 75 పీఎస్‌తో వచ్చినది స్థిర రకం. ఎర్టిగా, సియాజ్‌లలో 90 పీఎస్‌తో వచ్చినది వీజీటీ. బానెట్ కింద ఇంజిన్ ఒకటే, పొగ గొట్టం మార్పుకి రెండూ స్పందించే తీరు మాత్రం వేరు.

ఎందుకంటే, ఈసీయూ బూస్టును సెన్సర్‌తో చూస్తూ సరిదిద్దుకునే బండిలో మీరు గొట్టం వదులు చేసినంత మాత్రాన అంకె పెరగదు. ఈసీయూ వేస్ట్‌గేటును ఇంకొంచెం తెరిచి, లేదా వీజీటీ రెక్కల్ని ఇంకొంచెం విప్పి పాత లక్ష్యం దగ్గరే ఆపేస్తుంది. లక్ష్యం మారాలంటే ఈసీయూ ప్రోగ్రాం మార్చాలి, అంటే రీమ్యాప్ చేయాలి, అది వేరే పని. స్ప్రింగుతోనే నడిచే పాత బళ్లలో, వేస్ట్‌గేటు దారి చిన్నదిగా ఉన్న బళ్లలో మాత్రం గొట్టం మార్పు అంకెను కదిలించగలదు. అక్కడ జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి.

కొలవడం

డ్యాష్‌బోర్డు కింద, ఈసీయూ అంకెల్ని చదవనిచ్చే ఓబీడీ పోర్టులో పెట్టే ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్, ఫోన్లో దాన్ని చదివే యాప్ ఒకటి ఉంటే మొదలుపెట్టవచ్చు. తెర మీద ఆర్‌పీఎం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ పీడనం (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం) రెండింటినే ఎంచుకోండి. పది అంకెలు ఒకేసారి అడిగితే ఒక్కొక్కటి చదవడం నెమ్మదిస్తుంది. అరక్షణం పాటు వచ్చే బూస్టు ఎగుడు అప్పుడు చేతికి చిక్కదు.

మానిఫోల్డ్ పీడనం వాతావరణంతో కలిపి వస్తుంది. దాంట్లోంచి బారోమీటర్ అంకె తీసేస్తే మిగిలేదే బూస్టు. 185 కిలోపాస్కల్ చూపిస్తూ, బయట 100 ఉంటే బూస్టు 85, అంటే 0.85 బార్, సుమారు 12 పీఎస్ఐ. విజయనగరంలో బయటి పీడనం 100 దగ్గర ఉంటుంది. ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు చేరితే 90కి కాస్త అటూ ఇటూగా పడుతుంది. అందుకని కింద ఒకరోజు, కొండ మీద ఒకరోజు కొలిచి పోల్చకండి. ఒక చిక్కు కూడా ఉంది. ఓబీడీ మామూలు పద్ధతిలో ఈ పీడనం 255 కిలోపాస్కల్ దాటి చూపించలేదు. కొన్ని డీజిల్ బళ్లు దాన్ని దాటతాయి. తెర మీద 255 దగ్గర గీత బల్లపరుపుగా ఉంటే టర్బో అక్కడ ఆగిందని కాదు, అంకె అక్కడ ఆగిందని.

అలాంటి బండికి, ఓబీడీ లేని పాత బండికి విడి గేజీ పెట్టుకోవాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్న గొట్టానికి టీ జాయింటు వేయండి. బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే గొట్టం జోలికి మాత్రం పోవద్దు. అక్కడ లీకయితే బ్రేకు గట్టిపడుతుంది.

పరుగు తీసే పద్ధతి ఇది. బండి బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, తెల్లవారుజామున పదహారో నంబరు జాతీయ రహదారి మీద నేరుగా, ఖాళీగా, పక్కన ఊరి దారులు కలవని చోటు చూసుకోండి. నడిపేవారు రోడ్డు చూడాలి, ఫోను పక్కవారు చూడాలి. మూడో గేర్లో 1500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వేగం 100 చేరకముందే వదిలేయండి. ఒకే చోట, ఒకే దిక్కులో మళ్లీ చేయండి. యాప్‌లో రికార్డు చేసి మూడు విషయాలు రాసుకోండి: పూర్తి బూస్టు ఏ ఆర్‌పీఎంకి అందింది, అందిన క్షణంలో ఎంతదాకా ఎగిరింది, తర్వాత పైకి వెళ్లేకొద్దీ నిలిచిందా, జారిందా, పెరిగిందా. ఆ రోజు ఎండ ఎలా ఉందో కూడా రాయండి. ఆ కాగితం పోగొట్టుకోకండి.

గొట్టం మార్చకముందు లీకులు మూయండి

నా అభిప్రాయంలో ఈ రెండు జిల్లాల్లో "బండి లాగట్లేదు" అని వచ్చే టర్బో కార్లలో చాలావాటికి కావాల్సింది ఫ్రీఫ్లో కాదు, ఒక గ్యాస్కెట్టు (జాయింటు మధ్య పెట్టే పొర), నాలుగు స్టడ్ బోల్టులు. కళింగపట్నం, భావనపాడు, ఇచ్ఛాపురం వైపు తీరాన తిరిగే బళ్లకి ఉప్పుగాలి పొగ గొట్టాన్ని ముందు తింటుంది. బోల్టు తలలు పొలుసులు రాలి, జాలీ అల్లికతో వంగే ఫ్లెక్స్ పైపు చిల్లులు పడి కనబడుతుంది.

లీకు ఎక్కడుందన్నదే ముఖ్యం. టర్బైన్‌కి ముందు, అంటే సిలిండర్ హెడ్డుకీ పొగను పోగుచేసే మానిఫోల్డుకీ మధ్య, మానిఫోల్డుకీ టర్బోకీ మధ్య లీకైతే టర్బోని తిప్పాల్సిన పొగ బయటికి పోతుంది. బూస్టు ఆలస్యంగా వస్తుంది, పూర్తిగా అందదు, ఈసీయూలో పి0299 అనే తక్కువ బూస్టు లోపం కోడు పడవచ్చు. టర్బో తర్వాతి లీకు బూస్టును తగ్గించదు. శబ్దం చేస్తుంది, పొగ వాసన క్యాబిన్‌లోకి వస్తుంది. అయితే అది ఆక్సిజన్ సెన్సర్‌కి ముందో, దగ్గర్లోనో ఉంటే పొగ అలల మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్ తప్పు చెబుతుంది. ఈసీయూ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది.

పట్టుకోవడం కష్టం కాదు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి టక్ టక్ మనే చప్పుడు వినండి. వేడెక్కేకొద్దీ ఆ చప్పుడు మాయమైతే మానిఫోల్డు జాయింటును అనుమానించండి. ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది. జాయింటు చుట్టూ నల్లటి మసి గీతలు ఉంటే అదే సాక్ష్యం. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాక సైలెన్సర్ చివర బ్లోయర్ గొట్టం గుడ్డతో బిగించి గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లండి. బుడగలు వచ్చిన చోటే లీకు. అదే చేత్తో ఇంటర్‌కూలర్ గొట్టాల హోస్ క్లిప్పులు కూడా చూడండి. అక్కడ నూనె తడి, కింద ఈలలాంటి చప్పుడు ఉంటే అది పొగ వైపు లీకు కాదు, గాలి వైపు లీకు. గాలి వైపు లీకుని పెట్టుకుని బూస్టు పెంచబోతే టర్బో ఆ లోటు పూడ్చడానికి మితిమీరి తిరుగుతుంది.

జాయింటు మూసేటప్పుడు మామూలు సిలికాన్ గమ్ము పూయించకండి. దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ని పాడుచేస్తుంది. అట్టముక్కలాంటి షీటు కోసి పెట్టే గ్యాస్కెట్టు టర్బో వేడికి నిలవదు. పెట్రోలు టర్బో దగ్గర పొగ 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, లోహపు పొరల గ్యాస్కెట్టే వేయాలి. తుప్పుపట్టిన స్టడ్డు విప్పేముందు నూనె స్ప్రే కొట్టి రాత్రంతా నానబెట్టమనండి. తొందరపడితే అది హెడ్డులోనే విరుగుతుంది, ఆ తర్వాతి కథ లేత్ వర్క్‌షాపులో నడుస్తుంది.

లీకులు మూశాక మళ్లీ కొలవండి. ఇక్కడితో సమస్య తీరిపోయినవాళ్లు మిగతాది చదవకపోయినా నష్టం లేదు.

ఏ ముక్క మారిస్తే ఏమవుతుంది

టర్బోకి దగ్గరున్న ముక్క ప్రభావం ఎక్కువ, వెనక బంపర్ కింద ఉన్నదానిది తక్కువ. చివరి మఫ్లర్ ఒక్కటే మారిస్తే వచ్చేది ముఖ్యంగా చప్పుడు. బూస్టు కాగితంలో తేడా దొరకడం అరుదు. మధ్య గొట్టం సైజు పెంచితే పై ఆర్‌పీఎంలో కొంత తేడా. టర్బో మూతి నుంచి దిగే డౌన్ పైపు, దాంట్లోని క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాన్ని తగ్గించే క్యాట్): అడ్డు ఎక్కువగా ఉండేదీ, బూస్టు ముందుగా అందడంలో తేడా తెలిసేదీ అక్కడే. టర్బోకి ముందున్నది మానిఫోల్డు, దాని బదులు వేసేదాన్నే హెడర్ అంటారు. టీఎస్ఐ లాంటి ఇంజిన్లలో అది సిలిండర్ హెడ్డులోనే పోత పోసి ఉంటుంది కాబట్టి "హెడర్ వేస్తా" అన్నవాడికి అక్కడ వేయడానికేం లేదు.

క్యాట్ తీసేసి ఖాళీ గొట్టం పెట్టడం షెడ్లో అన్నిటికంటే సులువైన పని. నేను వద్దంటాను. చట్టం సంగతి కిందికి వస్తుంది, అది పక్కన పెట్టినా వెనక ఆక్సిజన్ సెన్సర్ పి0420 కోడు వేసి ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. కొన్ని బళ్లు పవర్ తగ్గించేస్తాయి. పెట్రోలు ఘాటు వాసన బండి ఆపినప్పుడల్లా మీ ఇంట్లోవాళ్లే పీలుస్తారు. క్యాట్ లోపల కరిగి, పగిలి అడ్డం పడితే దాన్ని కొత్తదానితో మార్చడమే సరైన రిపేరు. అలా మార్చిన బండికి వచ్చే పికప్పే చాలామందికి ఫ్రీఫ్లో అంత సంతోషాన్నిస్తుంది.

గొట్టం సైజులో అత్యాశ పనికిరాదు. ఒక లీటరు, 1.2 లీటర్ల టర్బో పెట్రోలుకి రెండు, రెండుంపావు అంగుళాలు సరిపోతాయి. రెండు లీటర్ల బండికి రెండున్నర. మూడంగుళాలది కిందికి వేలాడి మన స్పీడ్ బ్రేకర్లకి గీసుకోవడం తప్ప చిన్న ఇంజిన్‌కి చేసే మేలు లేదు.

వంపులు చూడండి. మామూలు సైలెన్సర్ షాపుల్లో గొట్టాన్ని నొక్కి వంచుతారు, వంపు దగ్గర అది చప్పగా నలిగి లోపలి దారి సన్నబడుతుంది. రెండున్నర అంగుళాల గొట్టం కొని వంపులో రెండంగుళాల దారి తెచ్చుకున్నట్టే. సైజు చెడకుండా వంచిన రెడీమేడ్ వంపులు తెప్పించి అతికించమనండి. వెల్డింగ్ గడ్డలు లోపలికి పొడుచుకు రాకుండా చూడమనండి. ఫ్లెక్స్ పైపు తీసేసి గట్టి గొట్టం వేయనివ్వకండి. ఇంజిన్ ఊగుతుంది, గొట్టం ఊగదు, విరిగేది టర్బో ఫ్లాంజి (బోల్టులు బిగించే అంచు) దగ్గర స్టడ్డు. తీరం దగ్గరైతే మైల్డ్ స్టీలు వద్దు, 304 స్టెయిన్‌లెస్ అడగండి. వేడి బయటికి పోకుండా డౌన్ పైపుకి చుట్టే బట్ట చుట్ట మంచిదే, కాని అది తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పుగాలిలో మైల్డ్ స్టీలు గొట్టానికి చుడితే లోపలే తినేస్తుంది.

మళ్లీ కొలత: ఇక్కడే అసలు ప్రమాదం

ఒకసారికి ఒక్క ముక్కే మార్చి, మొదటిసారి లాంటి చల్లని పొద్దున్నే అదే రోడ్డు మీద కొలవండి. పూర్తి బూస్టు కాస్త కింది ఆర్‌పీఎంకే అంది, అంకె పాతదే అయితే పని సరిగ్గా జరిగినట్టు. రెండు రకాల చెడు కనబడవచ్చు.

మొదటిది ఎగుడు. టర్బో తొందరగా లేస్తుంది, వేస్ట్‌గేటు తెరుచుకోవడానికి మాత్రం పాత సమయమే పడుతుంది. ఆ సందులో బూస్టు లక్ష్యాన్ని దాటి ఎగిరి వెంటనే దిగుతుంది. కొంచెం ఎగిరితే ఫర్వాలేదు. ఇంజిన్ ఒక్కసారి పట్టి వదిలినట్టు కుదుపు ఇచ్చినా, పి0234 అనే ఎక్కువ బూస్టు కోడు వచ్చినా ఆపాల్సిందే.

రెండోది పాకుడు, దీన్నే బూస్ట్ క్రీప్ అంటారు. ఇది ఎగుడు కంటే చెడ్డది. చెరువుకి అలుగు ఎంత వెడల్పుందో అంత నీళ్లే పోతాయి. వరద దానికి మించితే అలుగు పూర్తిగా పారుతున్నా మట్టం పెరుగుతూనే ఉంటుంది. వేస్ట్‌గేటు రంధ్రం కూడా అంతే. వెనక అడ్డు పోయాక టర్బైన్‌లోంచి పొగ సులువుగా వెళుతుంది, రెక్క పూర్తిగా తెరిచినా పక్కదారి చాలదు. కాగితంలో ఇది ఇలా కనబడుతుంది: 3000 ఆర్‌పీఎం దగ్గర 0.8 బార్, 4000 దగ్గర 0.9, 5000 దగ్గర 1.05. బాగున్న బండిలో ఆ గీత నిలబడాలి, లేదా పైకి వెళ్లేకొద్దీ కొద్దిగా జారాలి. అది ఎక్కుతూ పోతుంటే వెంటనే కాలు తీసేయండి. బూస్టుకి తగ్గ పెట్రోలు అందక ఇంజిన్ నాక్ కొట్టవచ్చు, అంటే లోపలి మిశ్రమం అదుపు తప్పి పేలవచ్చు, పిస్టన్ కరగవచ్చు. వేస్ట్‌గేటుతో ఈసీయూ దీన్ని ఆపలేదు, రెక్కను అప్పటికే పూర్తిగా తెరిచేసింది కాబట్టి. చల్లగాలిలో క్రీప్ ఎక్కువ. మే నెల మధ్యాహ్నం కొలిచి బాగుందనుకున్న బండి సంక్రాంతి పొగమంచులో ఈ బుద్ధి బయటపెట్టవచ్చు. మందులు మూడు: వేస్ట్‌గేటు రంధ్రాన్ని టర్బో తెలిసిన లేత్ మనిషి చేత పెద్దది చేయించడం, పెద్ద వేస్ట్‌గేటు, లేదా కొంత అడ్డు తిరిగి పెట్టడం. మూడోది చవక, సురక్షితం. పాత గొట్టాన్ని తుక్కువాడికి అమ్మేయకపోతేనే అది చేయగలరు.

డీజిల్ బళ్ల సంగతి

బీఎస్6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. వాటితో పాటు డీజిల్ కార్లకి మసిని పట్టి ఉంచే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, తప్పనిసరి భాగమైంది. అది మసితో నిండితే టర్బో వెనక పీడనం పెరుగుతుంది, పైన చెప్పిన నిష్పత్తి పడిపోతుంది, బూస్టు మందగిస్తుంది. అంటే ఇక్కడ డీపీఎఫ్‌ని శుభ్రం చేయడమే పొగ గొట్టం బాగుచేయడం. ఇంటి నుంచి మార్కెట్టు, మార్కెట్టు నుంచి బడి, ఇలా నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండిలో మసి కాలే వేడి రాదు. వారానికొకసారి నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస దాకా ఒకే వేగంతో వెళ్లి వస్తే ఫిల్టర్ తన పని తాను చేసుకుంటుంది. మసి కాలుతున్నప్పుడు ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, ఐడిల్ కొద్దిగా పెరుగుతుంది, ఆ మధ్యలో ఇంజిన్ ఆపకండి. పి2463 కోడు పడితే బలవంతపు రీజనరేషన్, అంటే మసిని కాల్పించడం, స్కానర్‌తో చేయించాలి. డీపీఎఫ్ లోపల పగలగొట్టి ఖాళీ డబ్బా పెట్టేవాళ్లున్నారు. ఈసీయూ పీడన తేడా సెన్సర్‌తో అది కనిపెడుతుంది. పొగ పరీక్షలో కూడా దొరుకుతారు.

వీజీటీ రెక్కలు మసి పట్టి బిగుసుకుంటే కూడా బూస్టు ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ అవుతుంది. గొట్టం మార్చినా అది పోదు, టర్బో విప్పి శుభ్రం చేయాలి.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) కింద యజమాని అలా మారిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలల పాటు లైసెన్సుకి అనర్హత కూడా ఉన్నాయి. కాబట్టి కొత్త మఫ్లర్ చప్పుడు పాతదాన్ని మించకుండా, క్యాట్, డీపీఎఫ్ వాటి చోటే ఉండేలా పని చేయించుకోండి. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ దగ్గర అడ్డం తిరగవచ్చు. వారంటీలో ఉన్న బండి జోలికి అసలు పోవద్దు.

పని అయ్యాక రెండు మూడు రోజులు తిప్పి, ఇంజిన్ చల్లారాక ఫ్లాంజి బోల్టులు మాన్యువల్లో చెప్పిన టార్కుకి మరోసారి చూడండి. రబ్బరు హ్యాంగర్లు బరువు మోస్తున్నాయో, గొట్టం టర్బో మీద వేలాడుతుందో కింద పడుకుని చూడండి. ఓబీడీలో దాగిన పెండింగ్ కోడ్లేమైనా ఉన్నాయేమో చదివి, కొత్త అంకెలు పాత కాగితం పక్కనే రాసుకోండి.